ఇరవై ఒకటో షట్టరు

ఫిబ్రవరి 6

ఒరేయ్ తమ్ముడూ,

ముందు కుశలం అడగాలి కదా, అడిగాననుకో. మరదలి మోకాలు ఎలా ఉందో మాత్రం నిజం రాయి. ఫోన్లో అడిగితే "ఆ, బాగానే ఉంది" అంటావు. నీకు అన్నీ బాగానే ఉంటాయి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరమైతే నువ్వు కూర్చుని నాలుగు ముక్కలైనా ఆలోచించి రాస్తావు. పైగా ఇది ఫోన్లో తేలే సంగతి కాదు.

మొన్న మన వీధి కొట్ల వాళ్లందర్నీ మునిసిపల్ ఆఫీసుకి పిలిచారు. గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. వీధి మధ్యలో చెట్లు, చెట్ల కింద బల్లలు, బల్లల మీద నవ్వుతూ కూర్చున్న మనుషులు. మన వీధిలో అంత తీరిగ్గా నవ్వేవాళ్లు ఎప్పుడున్నారని గొడుగుల కొట్టు ఆవిడ నా చెవిలో అడిగింది. వీధిని బాగు చేస్తారట. డబ్బు ఎక్కడినుంచి తేవాలన్నదే ఇంకా తేలలేదట. మూడు దారులు చెప్పారు. కొట్ల వాళ్లమే కమిటీ వేసుకుని, ఏటా మామూలు పన్ను మీద ఇంకో పన్ను కట్టుకుని, ఆ డబ్బుతో బాగు చేసుకోవడం ఒకటి. రెండోది, మునిసిపాలిటీయే అప్పు తెచ్చి ఇప్పుడు ఖర్చు పెట్టి, వీధి కోలుకున్నాక పెరిగే పన్నుల్లోంచి, అద్దెల్లోంచి తీర్చుకోవడం. ఇక మూడోది, ఎవరో కంపెనీకి వీధి మొత్తం యాభై ఏళ్ల లీజుకి రాసివ్వడం. వాళ్లు మమ్మల్నందర్నీ ఖాళీ చేయించి, పడగొట్టి, మళ్లీ కట్టి, అప్పుడు రమ్మంటారు. ఎంత అద్దెకి రమ్మంటారో మాత్రం బొమ్మలో లేదు.

నీ ఉద్యోగమే ఇది కదా. ఆ ఊరి ఆఫీసులో కూర్చుని పాతికేళ్లుగా ఇలాంటి వీధులకి డబ్బు వెతుకుతున్నావు. ఏది మంచిదో చెప్పు. మూడో దారిలో పోతే నాన్న పెట్టిన గుండీల కొట్టు ఉండదు. నాకు అర్థమైంది అదొక్కటే.

వీధి ఎలా ఉందని ప్రతిసారీ అడుగుతావు. ఇప్పటికీ పొద్దున్న తొమ్మిదయ్యేసరికి తుప్పుపట్టిన అయిదు తప్ప షట్టర్లన్నీ లేస్తాయి, వెళ్లిపోయిన వాళ్లవి కూడా. పోయేటప్పుడు తాళాలు పక్క కొట్లో ఇచ్చి, కాస్త గాలి తగలనివ్వమని చెప్పి పోయారు. అద్దాల కొట్టు, ఫొటో స్టూడియో నా వంతు. షట్టరెత్తి, గాజు తుడిచి, కిటికీలో సామాను సర్ది వచ్చాకే మన కొట్టు తెరుస్తాను. ఏడుపు ముఖంతో నువ్వు దిగిన ఫొటో స్టూడియో కిటికీలో ఇంకా ఉంది. రోజూ దులిపి మరీ పెడుతున్నాను.

మీ బావ నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. రాశాను.

అక్క


ఫిబ్రవరి 17

అక్కా,

మోకాలి సంగతి: మెట్లు దిగేటప్పుడు నొప్పి, ఎక్కేటప్పుడు లేదు. ఇంతకంటే వివరంగా రాయడం నాకు చేతకాదు. నేను రాసింది చదివి మీ మరదలు, "ఇదేనా నా మోకాలు?" అంది.

మొదటి దారి వినడానికి పరువుగా ఉంటుంది. కానీ అది కళకళలాడే వీధులకి సరిపోతుంది. బేరాల్లేని వాళ్ల మీద ఇంకో పన్ను వేస్తే ఉన్న కాసిని కొట్లూ లేచిపోతాయి. మూడోది మునిసిపాలిటీకి సుఖం, చేతి చమురు వదలదు. మిగతా రెండూ కుదరకపోతే వాళ్లు దానికే పోతారు. రెండోదే మీకు పనికొస్తుంది. ఈ ఊళ్లో పాత చేపల మార్కెట్టు వెనక వీధిని మేం అలాగే లేపాం. పదకొండేళ్లు పట్టింది కానీ లేచింది.

దానికో షరతు ఉంది. రేపు పెరగబోయే పన్నుని చూపించి అప్పు తేవాలంటే, ఇవాళ ఆ వీధి పాడుబడిందని కాగితం మీద రుజువు కావాలి. సగానికి పైగా కొట్లు మూతపడి ఉండాలి. ఆఫీసు నుంచి ఒకరొచ్చి వీధంతా నడిచి, కంటికి కనిపించింది రాసుకుంటారు. మనకి ఆ బెంగ లేదులే. ఆ వీధి చచ్చి చాలా ఏళ్లయింది.

కొట్లో గుండీల సొరుగులు అలాగే ఉన్నాయా? నాన్న ఒక్కదాని మీదా పేరు రాయలేదు. ఏ సొరుగులో ఏ గుండీ ఉంటే ఆ గుండీనే సొరుగు ముందు పలక మీద బిగించాడు. పై వరసలో లంగరు బొమ్మ ఉన్న ఇత్తడి గుండీల కోసం స్టూలెక్కేవాణ్ణి. బడి వదిలే వేళకి వీధిలో జనం ఎంత కిక్కిరిసి ఉండేవాళ్లంటే, నువ్వు నా చొక్కా కాలరు పట్టుకుని నడిపించేదానివి. ఆ ఇత్తడి గుండీలు ఎవరికీ అమ్మకు.

తమ్ముడు


మార్చి 2

అయ్యా ఆఫీసరుగారూ,

చచ్చిన వీధి నుంచి రాస్తున్నాను. ఎంత తేలిగ్గా రాసేశావురా ఆ మాట. మీ బావకి చదివి వినిపిస్తూ అక్కడికొచ్చేసరికి నీళ్లు తాగే వంకతో లేచాను.

నీ ఉత్తరం అందేసరికే ఆఫీసు వాళ్ల కొలత అయిపోయింది. చేతిలో అట్ట పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. వస్తుందని ముందే తెలుసు కాబట్టి రెండు రోజులు అందరం నడుం వంచి పని చేశాం. దర్జీ షట్టర్లన్నిటికీ నూనె వేశాడు. గొడుగుల ఆవిడ, ఎప్పుడో మూసేసిన బూట్ల కొట్టు కిటికీలో బూట్లన్నీ పాలిష్ పెట్టి నిలబెట్టింది. గడియారాల ఆయన కళ్లు కనిపించకపోయినా, తన వంతు కొట్టు గాజు చేత్తో తడిమి తడిమి తుడిచాడు. ఆ అమ్మాయి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, ఇంత శుభ్రమైన వీధి తను చూడలేదంది. మొత్తం నలభై ఒక్క కొట్లు. షట్టరు తుప్పుపట్టి లేవనివి అయిదు పోను, ముప్పై ఆరు తెరిచి ఉన్నట్టు రాసుకుంది. మేం చప్పట్లు కొట్టాం.

నువ్వు చెప్పిన షరతు మీ ఊళ్లో ఉంటుందేమో. ఎక్కడైనా బాగా చదివేవాడికి బహుమతి ఇస్తారు గానీ తప్పినవాడికి ఇస్తారా? దర్జీ కూడా అదే అన్నాడు. నువ్వు చిన్నప్పుడు ఆయన కత్తెర పోగొట్టిన సంగతి కూడా గుర్తు చేశాడు.

లంగరు గుండీలు ఉన్నాయి. అడుగుతావని తెలుసు.

అక్క


మార్చి 9

అక్కా,

ఎంత పని చేశారు. మీరు ఖాళీ కొట్లకి గాజు తుడిచి, ఉన్న కొట్లకి గొయ్యి తవ్వారు. ముప్పై ఆరు తెరిచి ఉన్నాయంటే మీ వీధికి రెండో దారి మూసుకుపోయినట్టే.

నలభై అయిదు రోజుల్లోపు రెండో కొలత అడగొచ్చు. వెంటనే అర్జీ పెట్టండి. ఈసారి ఎవరొచ్చినా మూసెయ్యండి. ఎత్తడం, తుడవడం, సర్దడం అన్నీ మానెయ్యండి. ఇన్నేళ్లూ లేని బతుకు ఉన్నట్టు చూపించుకుని ఏం బావుకున్నారు? అభిమానాలకి పోయే సమయం కాదిది. అర్జీ నమూనా జత చేశాను.

తమ్ముడు


మార్చి 21

తమ్ముడికి,

నువ్వు చెప్పినట్టే అయింది. ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. వీధి నడుస్తున్నది కాబట్టి అప్పు పథకానికి అర్హత లేదట, కంపెనీ లీజు సంగతి పరిశీలిస్తున్నారట. నువ్వు పంపిన నమూనా చూసి అర్జీ పెట్టాం. రెండో కొలత ఏప్రిల్ 15న. నీకు సంతోషమేగా.

మూసెయ్యండి అని ఒక్క ముక్కలో రాశావు. అందులో మన కొట్టు కూడా ఉందని నాకు తెలుసు. నీకు ఆ కొట్టంటే మొదటినుంచీ చిన్నతనమే. పరీక్ష ప్యాసై పెట్టె సర్దుకున్న రోజు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు నువ్వు. నాన్న గుమ్మంలో నిలబడే ఉన్నాడు.

మేం ఎందుకు ఎత్తుతున్నామో చెప్తాను విను. బూట్ల కొట్టాయన వెళ్లిపోయిన మర్నాడు ఆ షట్టరు కిందకే ఉంది. దాని ముందు నుంచి నడవలేక అందరం అవతలి పక్కకి దాటి పోయాం. గొడుగుల ఆవిడ ఇంక చూడలేక లేచి వెళ్లి ఎత్తింది. ఆ తర్వాత ఎవరు వెళ్లినా మిగిలినవాళ్లం అలాగే చేశాం. బాబూ, అది ఎవరికో చూపించుకోవడానికి కాదు. మేం పొద్దున్నే ఆ వీధిలో నడవాలి కదా.

అయినా నీ మాట అందరికీ చెప్పాను. దర్జీ నా మీద ఒంటికాలి మీద లేచాడు. అరగంట అరిచాక ఆయనే సుద్దముక్క పట్టుకుని వీధిలోకి నడిచాడు. నిజంగా మనుషులున్న కొట్ల ముందు గీత గీస్తూ వెళ్లాం. గీతలు ఇరవై ఒకటి తేలాయి. ఖాళీవి ఇరవై. సగానికి పైగా అంటే ఇరవై ఒకటి ఖాళీ ఉండాలి. ఒక్క కొట్టు తక్కువ.

ఇప్పుడేం చెయ్యాలి? మూసినట్టు లెక్కలోకి రావాలంటే ఏం ఉండాలి?

అక్క


మార్చి 30

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మరదలు కూడా చదివి, ఇంతకీ నువ్వు ఆ తొమ్మిదో తారీఖున ఏం రాశావని నిలదీసింది. చెప్తే వారం నాతో సరిగా మాట్లాడలేదు.

మూసెయ్యండి అన్నది ఖాళీ కొట్ల గురించి. మన కొట్టు గురించి అలా ఎలా అనుకున్నావు? నాకు చిన్నతనమా? నిజం చెప్పమంటావా, ఇంకో మూడేళ్లలో రిటైరయ్యాక నేను అక్కడికొచ్చి నాన్న కుర్చీలో కూర్చోవాలనే అనుకుంటున్నాను. నువ్వు సొరుగులు తీస్తూ ఉంటే నేను కాగితంలో పొట్లాలు కడతాను. నా మనసులో ఇంకే ఊరూ, ఏ ఇల్లూ లేదు. నువ్వు మాత్రం ఆ కొట్టు వదలకు.

మూసినట్టు లెక్కకి రావాలంటే లోపల సరుకు ఉండకూడదు, లైసెన్సు తిరిగి ఇచ్చేసి ఉండాలి. వెళ్లిపోయిన వాళ్ల లైసెన్సులు ఎప్పుడో రద్దయి ఉంటాయి, వాళ్ల కిటికీల్లో మిగిలిన సామాను తీసేస్తే చాలు. ఒక రోజుకి షట్టరు దించి నాటకం ఆడితే పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. అలా ఇచ్చేసిన వాళ్లకి అయిదేళ్లదాకా ఆ వీధిలో మళ్లీ కొట్టు ఇవ్వరు. అప్పు మంజూరైతే ఖాళీ కొట్లు బాగుచేసి కొత్తవాళ్లకిస్తారు. నడుస్తున్న వాళ్లు ఎక్కడివాళ్లక్కడ పాత అద్దెకే ఉంటారు. కాబట్టి ఎటూ మానేద్దామనుకుంటున్న వాళ్లు ఒకరు ముందుకొస్తే చాలు. గడియారాల ఆయనకి చూపు పోయిందన్నావుగా. మెల్లిగా అడిగి చూడు.

తమ్ముడు


ఏప్రిల్ 16

ఒరేయ్,

కూర్చుని చదువు. ఎదురుగా మరదల్ని కూడా కూర్చోబెట్టుకో.

నువ్వు చెప్పినట్టే గడియారాల ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన బల్ల ముందు వంగి, ఒక గోడ గడియారాన్ని చెవికి ఆనించుకుని ఉన్నాడు. కళ్లతో కాదు, ఇప్పుడాయన చప్పుడు విని బాగుచేస్తాడు. వచ్చిన సంగతి చెప్పాను. గడియారాన్ని బల్ల మీద పెట్టాడు. తర్వాత, "ఇచ్చేస్తానమ్మా, ఇవ్వడానికేముంది. ఇంటికెళ్లి ఏం వినాలో అది మాత్రం నువ్వే చెప్పు" అన్నాడు.  ఏదో మాట మార్చి లేచొచ్చాను.

మిగతావాళ్లు ఎవరురా? దర్జీకి ఇద్దరు కూతుళ్ల చదువులు. గొడుగుల ఆవిడకి కొట్టు తప్ప నీడ లేదు. ఒక్కొక్కర్నీ తలుచుకుంటూ వీధి చివరిదాకా నడిచి వెనక్కొచ్చాను. మీ బావకి పెన్షను వస్తుంది. మాకు తలదాచుకోవడానికి ఇల్లుంది. నడక మొదలుపెట్టకముందే నాకు తెలుసనుకుంటాను.

నాలుగు రోజులు సర్దాం. మీ బావ ఒక్కొక్కటిగా సొరుగులు దించాడు, బస్సు నడిపిన ముప్పై ఏళ్లలో కూడా అంత జాగ్రత్త చూపించి ఉండడు. రెండు వందల పద్నాలుగు సొరుగులు. సరుకు దర్జీ తీసుకున్నాడు. సొరుగుల బీరువాని పాత సామాన్ల వాడు లారీ మీద వేసుకుపోయాడు. నేను లోపల నిలబడి చూశాను. ఖాళీ చేస్తే అంత చిన్న గదా అది? నాన్న, నువ్వు, నేను అందులో ఎలా తిరిగామో అర్థం కాలేదు.

పదమూడున లైసెన్సు ఇచ్చేశాను. పదిహేనున పొద్దున్న తొమ్మిదికి అందరం వీధిలో నిలబడ్డాం. ఖాళీ కొట్ల తాళాలు జేబుల్లోనే ఉన్నాయి, ఆ షట్టర్లు ఎవరూ ఎత్తలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి మా వీధిని ఉన్నది ఉన్నట్టు చూశాను. నువ్వన్న మాట నిజమేరా. చాలావరకు చచ్చింది. ఇరవై ఒక్కమంది మనుషులం, పేరు పేరునా ఒకళ్లనొకళ్లం చూసుకుంటూ నిలబడ్డాం. గొడుగుల ఆవిడ ఏడ్చింది. అదే అట్ట, అదే అమ్మాయి. ఒక్కో షట్టరూ తట్టి చూస్తూ వచ్చి మన కొట్టు ముందు ఆగింది. నేను ఇచ్చిన రసీదు చదివి, "ఇది మొన్నటిదాకా నడిచిందే కదండీ" అంది. నడిచిందమ్మా అన్నాను. ఇరవై ఒకటి అని రాసుకుంది.

నీ కుర్చీని నిలబెట్టలేకపోయాను. మూడేళ్లు ఆగితే వచ్చి కూర్చునేవాడివి. నిన్ను అడగకుండా చేశాను, అడిగితే వద్దంటావని. లంగరు గుండీలు మాత్రం డబ్బాలో వేసి పెట్టాను. కోపం ఉంటే ఉత్తరంలో తిట్టు, మాట్లాడటం మానకు.

అక్క


ఏప్రిల్ 25

అక్కా,

ఈ ఉత్తరం నాలుగోసారి మొదలుపెడుతున్నాను.

మార్చి ముప్పైన నేను రాసింది అబద్ధం. ఆ కుర్చీలో కూర్చోవాలని నాకు ఏనాడూ లేదు. నీకు కోపం వచ్చిందని, ఏం రాస్తే పోతుందా అని చూసి రాశాను. ఆ కొట్టంటే నాకు చిన్నతనం కాదు, అసహ్యం. బడి నుంచి రాగానే కలిసిపోయిన గుండీలు వేరు చెయ్యాలి. వేలికొసలు నొప్పి పుట్టేవి. పిల్లలు నన్ను గుండీగాడని పిలిచేవాళ్లు. పరీక్షకి చదివింది ఆ గదిలోంచి బయట పడటానికే. వెనక్కి తిరిగి చూడలేదన్నావు. చూస్తే నాన్న ముఖం చూసి ఆగిపోతానని చూడలేదు.

మరి ప్రతి ఉత్తరంలో సొరుగుల గురించి ఎందుకు అడిగాననుకున్నావు? నీకిష్టమని. ఇంటి నుంచి ఎప్పుడో వచ్చేశాను, నీతో మాట్లాడటానికి నాకు ఆ కొట్టు తప్ప ఇంకో సంగతి తెలియదు. దాని గురించి అడిగితే నువ్వు పేజీలకి పేజీలు రాసేదానివి. ఆ పేజీలు చదువుకోవడం నాకు కావాలి. నా కోసం నువ్వు ఆ కొట్టు నిలబెడుతున్నావని కలలో కూడా అనుకోలేదు. తెలిస్తే ఎప్పుడో చెప్పేవాణ్ణి, నీకు ఇష్టం లేకపోతే మానెయ్యమని.

ఇంత చెప్పినా, నువ్వు బీరువా లారీ ఎక్కించిన సంగతి చదివి ఆఫీసులో నా గది తలుపు వేసుకుని ఏడ్చాను. ఎందుకో నాకు తెలియదు. అసహ్యించుకున్నది పోతే ఎవరైనా ఏడుస్తారా?

ఇక ఉత్తరంలో ఏం అడగాలో తోచడం లేదు. ఎలా ఉన్నావు?

తమ్ముడు


జూన్ 4

తమ్ముడూ,

అప్పు మంజూరైంది. ముందుగా నీకు చెప్పాలని ఆ మాటతోనే మొదలుపెట్టాను. మన వీధిలో మిగిలిన ఇరవై కొట్లూ కదలక్కర్లేదు. కంపెనీ వాళ్లని సాగనంపారు. సోమవారం నుంచి కాలవలు తవ్వుతున్నారు, దుమ్ము లేచి దర్జీ రోజూ దగ్గుతున్నాడు. అయినా ఆయన ముఖంలో వెలుగు చూడాలి.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత నీ వీపు మీద రెండు దెబ్బలు వెయ్యాలనిపించింది. ముప్పై ఒక్క ఏళ్లురా. బయటికి వెళ్లిన తమ్ముడు ఎప్పటికైనా వస్తాడు, వచ్చేసరికి అన్నీ ఉన్నచోట ఉండాలి అనుకుంటూ సొరుగులు తుడిచాను. నువ్వేమో అక్కయ్య ముచ్చట తీర్చడానికి అడుగుతున్నావు. ఇద్దరం కలిసి ఎవరికీ అక్కర్లేని కొట్టుని భలే కాపాడాం.

అలా అనుకుని రెండు రోజులు తేలిగ్గానే ఉన్నాను. మూడో రోజు గిన్నెలు తోముతూ ఉన్నట్టుండి చేతులు ఆగిపోయాయి. ఎవరికీ అక్కర్లేకపోవడమేమిటి? పొద్దున్నే ఆ గదిలోకి వెళ్లి, వచ్చినవాళ్ల చొక్కా చూసి, అడగకముందే సరైన సొరుగు తీసేదాన్ని. వాళ్లు ఆశ్చర్యపోతే లోపల్లోపల మురిసిపోయేదాన్ని. అది నీ కోసం కాదురా. నాన్న కోసం కూడా కాదు. నాకు ఇష్టం. నీ పేరు చెప్పుకుని నేను చేసుకున్న పని అది. నీది ఇచ్చేశానని కుమిలిపోయాను గానీ నేను ఇచ్చింది నాది. అందుకే ఇంత నొప్పి. ఇప్పుడు తెలిసింది కాబట్టి కాస్త ఓర్చుకోగలుగుతున్నాను.

మళ్లీ ఇచ్చేదానివా అని మీ బావ అడిగాడు. ఇస్తాను అన్నాను. ఇచ్చి, మళ్లీ ఇలాగే ఏడుస్తాను అన్నాను.

ఎలా ఉన్నావని అడిగావు. నువ్వు కొట్టు ఊసెత్తకుండా రాసిన మొదటి ప్రశ్న అది. జవాబు రాయడం రావడం లేదు, నిన్న జరిగింది రాస్తాను. సంచీ పట్టుకుని వీధిలోకి వెళ్లాను. పని మీద కాదు, ఊరికే. గొడుగుల ఆవిడ లోపల ఏదో సర్దుకుంటూ నేనని చూసుకోలేదు, ఎవరో అనుకుని తల తిప్పకుండానే, "ఏం కావాలండీ?" అంది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ మాట నేను అడిగిందే గానీ నన్నెవరూ అడగలేదురా. గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆలోచించాను.

అక్క